మూడొందల మూడుకు నీళ్ళు

హనుమక్క చెయ్యి బరువైందని ముదిగుబ్బ చుట్టుపక్కల పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. పొగరుబోతు కోడెను ఒక్క పెట్టుతో మోకాళ్ళ మీద కూర్చోబెట్టిందని ఒక కథ. తిరనాళ్ళలో కొంగు లాగినవాడి పైపన్ను రాలగొట్టిందని ఇంకో కథ. కోడె కథలో కొంత కోత ఉండొచ్చు. పన్ను కథ మాత్రం నిఖార్సైన నిజం. ఆ పన్ను పోయినవాడు ముసలివాడై కూడా నవ్వాల్సి వస్తే నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుంటాడు.

ఆ చేతికి దేవుడు ఇంకో పనితనం కూడా ఇచ్చాడు. జొన్నరొట్టె. మసిలే నీళ్ళు పోసి పిండి కలిపి, తుమ్మచెక్క పీట మీద ఉండను పెట్టి అరచేత్తో తట్టిందంటే రొట్టె తనంతట తాను గిరగిరా తిరుగుతూ పలచబడేది. అంచు చీలేది కాదు. చప్పుడు మాత్రం వీధి చివరికి వినబడేది. చప్పుడు లేకుండా చేసేది రొట్టె కాదు, అట్టముక్క అని ఆమె అభిప్రాయం. తిన్నవాళ్ళెవరూ ఆమెతో వాదనకు దిగలేదు.

ఆమె మొగుడు ఆదెన్న మెత్తని మనిషి. ఇంత బరువు చెయ్యి ఉన్న ఆడది ఒక్కరోజు కూడా మొగుడి మీద చెయ్యెత్తలేదంటే, ఎత్తే అవసరం ఆయన రానివ్వలేదని అర్థం. కొంచెం మెట్ట చేను, ఏటా వేరుశనగ, వానొస్తే కాయ, రాకపోతే కట్టె. పక్క చేని ఎర్రన్నతో కలిసి బోరు వేయించాడు. ఒక పూట వీళ్ళకు, ఒక పూట వాళ్ళకు. ఒక ఎండాకాలం నీళ్ళు సన్నబడగానే ఎర్రన్న గేటువాల్వు తిప్పేసి ఆదెన్న వైపు నీళ్ళు బంద్ చేశాడు.

ఆ పల్లెల్లో నీళ్ళు బంద్ చేయడమంటే మాటలు కాదు. మనిషిని తిట్టొచ్చు, తన్నొచ్చు, పెళ్ళికి పిలవకపోవచ్చు. మర్నాడు మళ్ళీ ఒకే అరుగు మీద కూర్చుని బీడీ కాల్చుకోవచ్చు. ఒక ఇంటికి నీళ్ళు బంద్ చేస్తే మాత్రం, మీ వంశం మాకక్కర్లేదని నలుగురిలో చాటినట్టే. దానికి తెల్లారేసరికి జవాబు పోవాలి. పోలేదంటే ఆ ఇంటి మగవాళ్ళు మీసాలు తీయించుకుని ఊరు విడవాలి. ఎవరు పెట్టిన చట్టమో ఎవరికీ తెలియదు. అసెంబ్లీలో చేసిన చట్టాల కంటే అక్కడ అదే బాగా నడుస్తుంది.

ఆదెన్న జవాబు చెప్పడానికి పోలేదు. అడగడానికి పోయాడు. అదే అతని పొరపాటు. "ఏమప్పా ఎర్రన్నా, చేను మాడిపోతాండాది కదా" అంటుండగానే గడ్డపార నెత్తిన పడింది. ఎండిపోయిన కాలవలో బోర్లా పడ్డాడు. ఆ ఏడు ఆ కాలవలో పారిన తడి ఆయన నెత్తురొక్కటే.

హనుమక్కకు ఒక్కడే తమ్ముడు, ఓబుళేసు. తల్లి పురిట్లోనే పోతే ఆమే ఎత్తుకుని పెంచింది. జొన్నరొట్టె పాలల్లో నానబెట్టి పెట్టింది. వాడు ముదిగుబ్బ టీకొట్టు దగ్గర ఎర్రన్నను పట్టుకున్నాడు. "వాల్వు తిప్పిన చెయ్యి ఏదిరా?" అని మర్యాదగా అడిగాడు. ఎర్రన్న చెప్పలేదు గానీ భయానికి కుడిచెయ్యి వెనక్కి దాచుకున్నాడు. ఓబుళేసు దాన్ని లాగి బల్ల మీద ఆనించి మణికట్టు దగ్గర నరికాడు. టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు వదిలేసి పరిగెత్తారు. తర్వాత తనే నడుచుకుంటూ స్టేషనుకు పోయి కూర్చున్నాడు.

జైలు నుంచి వచ్చిన రోజు నేరుగా అక్క దగ్గరికే వచ్చాడు. "అక్కా, నీకు నీళ్ళు బంద్ చేసిన చెయ్యి ఇంగ లేదు" అన్నాడు, బడిలో బహుమతి గెల్చుకొచ్చిన పిల్లాడిలా. హనుమక్కకు సంతోషం కలగలేదు. ఆ తెగిన చెయ్యి తన వాకిట్లో పడి ఉన్నట్టే అనిపించింది. ఆ పూట అన్నం తినలేదు.

"నా పేరు జెప్పి ఇంగెవుర్నీ నరకొద్దు. నా తలమీద చెయ్యి పెట్టి చెప్పురా" అంది.

వాడు చెయ్యి పెట్టాడు. "సరే అక్కా. మల్లీ నీకు నీళ్ళు బంద్ చేసినోడుంటే తప్ప" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు కూడా. హనుమక్క అప్పటికే చేను అమ్మేసి అనంతపురం పోవడానికి మూట కట్టుకుంది. టౌనులో నీళ్ళు కొళాయిలో వస్తాయి, ఎవడొచ్చి బంద్ చేస్తాడని ఆమె ధైర్యం.

అనంతపురంలో ఆమె చేరింది గంగాఝరి అపార్ట్‌మెంటులో. పేరు గొప్ప, ఊరు దిబ్బ. కట్టిన రెండో ఏడే దాని బోరు ఎండిపోయింది. అప్పటినుంచి ట్యాంకరు నీళ్ళే గతి. మూడో అంతస్తులో 303 ఫ్లాటు ప్రశాంతి అనే అమ్మాయిది. బెంగుళూరులో ఉద్యోగం. వాళ్ళమ్మది కూడా ముదిగుబ్బే కావడంతో, వచ్చే ఉగాదిదాకా ఉండేట్టు అగ్రిమెంటు రాయించి తాళంచెవి హనుమక్క చేతిలో పెట్టింది. హనుమక్క అందులో పొయ్యి పెట్టింది, పీట పెట్టింది. రొట్టెలు తట్టి హోటళ్ళకు, హాస్టళ్ళకు పంపడం మొదలుపెట్టింది. మొగుడు పోయాక తలుపు గడియ వేసుకుని నిశ్చింతగా నిద్రపోయింది మొదట ఆ ఇంట్లోనే. అందుకే ఆ ఇల్లంటే ఆమెకు ప్రాణం.

లిఫ్టులో ఒక బోర్డు ఉండేది. పైన పెద్దక్షరాలతో 'అద్దెకుండువారికి నియమాలు' అని ఉంటుంది. వాచ్‌మన్ తిప్పయ్య ఆమెకు చదివి వినిపించాడు. లిఫ్టులో మూటలు ఎక్కించకూడదు. మిద్దె మీద బట్టలు ఆరేయకూడదు. సెల్లారులో కూర్చోకూడదు. మీటింగుకు రాకూడదు.

"అన్నీ కూడనివే ఉండాయి కదప్పా. కూడేది ఒగటన్నా రాసినారా?" అని అడిగింది హనుమక్క.

"నెలనెలా మెయింటెనెన్సు కట్టేది కూడుతాదక్కా" అన్నాడు తిప్పయ్య.

ఆ నియమాలు రాయించినవాడు అభిలాష్. అసోసియేషనుకు ప్రెసిడెంటు. ముప్పై ఏళ్ళుంటాయేమో. ప్లాట్లు అమ్మే వ్యాపారం. పొద్దెక్కేదాకా నిద్రపోయే రకం. హనుమక్క ఖర్మ కొద్దీ అతని ఫ్లాటు 203, సరిగ్గా ఆమె పీట కింద. ఆమె తెల్లవారుజామున రొట్టె తడితే అది అతని నెత్తి మీద తట్టినట్టే. మొదటిసారి వచ్చి చెప్పినప్పుడు ఆమె న్యాయంగానే నడుచుకుంది. పీట కింద రెండు దుప్పట్లు పరిచింది. గోడకు దూరంగా జరిపింది. తెల్లవారాక మొదలుపెట్టింది. అంతకన్నా మెత్తగా తడితే రొట్టె రాదు, రొట్టె రాకపోతే బతుకు లేదు.

ఒక పొద్దున అభిలాష్ తలుపు తన్నుకుంటూ లోపలికొచ్చాడు. "ముసిల్దానా, ఇది అపార్ట్‌మెంటనుకున్యావా, మీ ఊరి దొడ్డనుకున్యావా?" అంటూ పిండి బేసిను కాలితో తన్నాడు. పిండి గోడకు కొట్టుకుంది. మసిలే నీళ్ళ గిన్నె ఒరిగి హనుమక్క పాదం మీద పడింది. తర్వాత జరిగిందానికి ఆమె బాధ్యురాలు కాదు, ఆమె చెయ్యి బాధ్యురాలు. ఆ దెబ్బకు అభిలాష్ తలుపు దాటి బయట గోడకు తగిలాడు. చెంప మీద అయిదు వేళ్ళూ పిండితో సహా అచ్చుపడ్డాయి.

అతను లేచొచ్చి ఆమె జుట్టు పట్టుకుని తలను ద్వారబంధానికేసి కొట్టాడు. ఒకసారి కాదు. తిప్పయ్య మధ్యలో పడి విడదీసేటప్పటికి ఆమె కుడికన్ను నెత్తుటితో మూసుకుపోయింది. ఎదురు ఫ్లాటువాళ్ళు తలుపు సందులోంచి చూసి మళ్ళీ గడియ పెట్టుకున్నారు.

ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయింది నాజ్‌నీన్. నాలుగో అంతస్తులో అద్దెకుంటున్న లాయరు. తండ్రి కదిరిలో పరుపులు కుట్టేవాడు, కూతురిని కోర్టుదాకా చదివించాడు. నుదుటికి కుట్లు పడుతుంటే పక్కన నిలబడి నాజ్‌నీన్ అంతా వివరంగా చెప్పింది.

"చూడు పెద్దమ్మా, చప్పుడు చెయ్యొద్దు, లిఫ్టు పాడు చెయ్యొద్దు అని వాళ్ళు చెప్తే మనం వినాల్సిందే. ఇల్లు అద్దెకి తీసుకున్నంత మాత్రాన ఆ రూల్స్ మనకు లేవని కాదు. మీటింగులో మనకు ఓటు లేదు, అదీ నిజమే. కానీ నిన్ను ఖాళీ చేయించేకి అసోసియేషనుకు హక్కు లేదు. ఓనరు కోర్టుకు పోవాల, కోర్టు చెప్పాల. అంతవరకూ ఆ ఇల్లు నీది. నీళ్ళు గానీ కరెంటు గానీ కోసేకి ఎవరికీ హక్కు లేదు. ఓనరుకు కూడా లేదు."

"ఓనరుకు కూడా లేదా?" అంది హనుమక్క. ఆమె బతుకులో అంత పెద్ద మాట ఎవరూ చెప్పలేదు. కుట్ల నొప్పి కూడా కాసేపు మర్చిపోయింది.

అసోసియేషను సెల్లారులో మీటింగు పెట్టింది. హనుమక్క తలకు కట్టుతోనే పోతే, అద్దెవాళ్ళకు ప్రవేశం లేదని బయటే నిలబెట్టారు. లోపల ప్రెసిడెంటు వాచిన చెంప చూపించాడు. ఆమె నుదురు చూడాలని ఎవరికీ తోచలేదు. 303 వారంలో ఖాళీ చేయాలని చేతులెత్తి తీర్మానించారు. ప్రశాంతి ఫోనులో, "హనుమక్కా, నేనైతే నిన్ను పొమ్మనను. కానీ నన్ను ఈ గొడవలోకి లాగొద్దు, నీకు పుణ్యముంటాది" అని పెట్టేసింది. మంచివాళ్ళ మంచితనం చాలాసార్లు అంతవరకే ఉంటుంది.

వారం గడిచింది. హనుమక్క కదల్లేదు. అభిలాష్ తిప్పయ్యను మిద్దె మీదికి పంపి 303కు పోయే వాల్వు కట్టేయించాడు. మళ్ళీ ఎవరూ తిప్పకుండా దాని చక్రం ఊడదీసి తన దగ్గర పెట్టుకున్నాడు.

"తిప్పింది నా చెయ్యే గానీ, నా మనసు కాదక్కా" అన్నాడు తిప్పయ్య, ఆమె మొహం చూడలేక.

"తెలుసులేప్పా. నీకూ పిల్లలుండారు" అంది ఆమె.

సెల్లారు కొళాయి దగ్గర బిందె నింపుకుని, మెట్ల మీదుగా మూడంతస్తులు మోసుకోవడం మొదలుపెట్టింది. లిఫ్టులో బిందెలు నిషిద్ధం మరి. రెండోనాడు అభిలాష్ రెండో అంతస్తు మలుపులో కాచుకుని ఉన్నాడు. ఆమె చంకలో బిందెను కాలితో తన్నాడు. బిందెతో పాటు ఆమె కూడా దొర్లింది. ఇత్తడి బిందె ఆమె చీలమండ మీద పడి, సొట్టలు పోతూ కిందిదాకా మోగుకుంటూ పోయింది. నీళ్ళు మెట్లు దిగి పోతుంటే హనుమక్క తన దెబ్బ చూసుకోలేదు, నీళ్ళనే చూసింది. తర్వాత గోడ పట్టుకుని లేచింది. చెయ్యి ఎత్తింది.

పై మెట్టు నుంచి పరిగెత్తుకొచ్చిన నాజ్‌నీన్ ఆ చెయ్యిని రెండు చేతులతో పట్టుకుంది.

"వద్దు పెద్దమ్మా. నీళ్ళు ఆపిన పొద్దే మనమేసిన పిటిషను జడ్జిగారు విన్నారు. నీళ్ళు ఇడవమని ఆర్డరిచ్చినారు. రేపు పదకొండు గంటలకు కోర్టు మనిషి కాగితం తీసుకోనొస్తాడు. రేపటిదాకా చెయ్యి ఎత్తొద్దు. నువ్వు గానీ, నీ తరపున ఇంగొకరు గానీ కొట్టినారంటే కేసంతా మనమీదికే తిరుగుతాది. ఇల్లు పోతాది. అర్థమైతాందా?"

హనుమక్కకు బాగా అర్థమైంది. ఒక్క రాత్రి, ఒక్క పొద్దు చెయ్యి దించుకుని ఉంటే ఇల్లు మిగులుతుంది. ఆమె ఇంట్లోకి పోయి, కుడిచేతిని కొంగులో చుట్టుకుని గోడకానుకుని కూర్చుంది.

సాయంత్రం ఓబుళేసు ఫోను చేశాడు. ఊర్లో అమ్మవారి దేవర. బలికి వేటపోతును తెచ్చినారట, అక్క రావాలట, రొట్టెలు ఆమె చేతివే ఉండాలట.

"యాడొచ్చేదిరా నాయనా. ఈడ నీళ్ళు బంద్ చేసినారు. తాగేకి కూడా లేవు. కాలు వాచిండాది" అంది.



"ఎవురు?" అన్నాడు ఓబుళేసు.

"ఎవురో ఒగరులే. అసోసియేషనోళ్ళు. రేపటికి అంతా సర్దుకుంటాది. నువ్వు దేవర చూసుకో."

ఫోను తెగింది. సిగ్నలు పోయిందేమో అనుకుంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఆమె ఎందరికో చెప్పింది. టౌనులో ఎవరైనా నీళ్ళు బంద్ అంటే, ట్యాంకరు రాలేదనో మోటారు కాలిందనో అర్థం. హనుమక్క ఆ మాట టౌనుదానిలాగే అంది. విన్నవాడు ఊరివాడు. అయినా ఆమె ఫోను కింద పెట్టకుండా చేతిలోనే పట్టుకుని కూర్చుంది. భయంతోనో, ఇంకెందుకో ఆమె పట్టించుకోలేదు. మళ్ళీ ఫోను చేసి, వద్దురా అని చెప్పాల్సింది. చెప్పలేదు.

పొద్దున తొమ్మిదికి రెండు బొలేరోలు గంగాఝరి గేటు గుద్దుకుని లోపలికొచ్చాయి. దేవరకు నూరిపెట్టిన వేటకొడవళ్ళతో, గడ్డపారలతో ఎనమండుగురు దిగారు. ఓబుళేసు ముందు తిప్పయ్య గొంతు పట్టుకుని గోడకు ఎత్తిపట్టాడు.

"మా యక్కకు నీళ్ళు బంద్ చేసింది ఎవుడ్రా?"

"అసోసియేషనన్నా."

"అసోసియేషనంటే యా ఊరోడు?"

"మనిషి కాదన్నా. నలభై ఇండ్లోళ్ళు కలిస్తే అసోసియేషన్."

ఓబుళేసు తలెత్తి ఆ నలభై బాల్కనీలనూ చూశాడు. శత్రువంటే ఒక పేరు, ఒక మీసం, ఒక ఇంటి గడప ఉంటాయని అతని లెక్క. ఇంతమంది కలిసి ఒక ఆడమనిషికి నీళ్ళు బంద్ చేసి, ఎవరిదీ కాదన్నట్టు తలుపులేసుకునే ఏర్పాటు ఒకటి ఉంటుందని అతనికి తెలియదు.

"నలభై మందిని నరికేకి పొద్దు చాలదప్పా. వాల్వు తిప్పిన చెయ్యి ఏది? అది చెప్పు" అన్నాడు.

తిప్పయ్య రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు. ఓబుళేసు కళ్ళు ఆ చేతుల మీదికే పోయాయి. తిప్పయ్యకు లాగులో తడిసింది. "చక్రం ప్రెసిడెంటు సారు కాడ ఉండాదన్నా. రెండొందల మూడు. ఆయప్ప చెప్తేనే..." అనేసరికి గొంతు వదిలాడు.

తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. నలుగురు మిద్దె మీదికి ఎక్కారు. మా యక్కకు లేని నీళ్ళు ఇంగెవురికీ లేవంటూ నల్లటి ట్యాంకులను గడ్డపారలతో పొడిచారు. మిగతావాళ్ళు 203 తలుపు పగలగొట్టి, మంచం మీద నుంచే అభిలాష్‌ను కాళ్ళు పట్టి లాగారు. అతని తల ప్రతి మెట్టుకూ కొట్టుకుంటూ దిగింది. రెండో మలుపులో పళ్ళు రాలాయి. కింద ఒకడు డొక్కలో తన్నితే ఎముక విరిగిన చప్పుడు పై అంతస్తుకు వినబడింది. అతను మొదట పోలీసులను పిలుస్తానన్నాడు. ఆ తర్వాత అమ్మను పిలిచాడు.

హనుమక్క ఆ సమయానికి నాజ్‌నీన్ ఇచ్చిన చెంబెడు నీళ్ళతో పిండి కలిపి, పీట చేతికి తీసుకుంది. గోల విని పీట చేతిలో ఉండగానే తలుపు తీసింది. పాదాలకు చల్లగా తగిలింది. మెట్ల మీద నీళ్ళు. ట్యాంకర్లు తెచ్చి నింపిన నీళ్ళన్నీ అంతస్తు తర్వాత అంతస్తు దూకుతూ పోతున్నాయి. అన్నాళ్ళూ గడియలు తీయని ఇళ్ళవాళ్ళు బకెట్లు, చెంబులు, కుక్కరు గిన్నెలు పట్టుకుని మెట్ల మీద వంగి నీళ్ళు తోడుకుంటున్నారు. కింద మనిషిని చంపుతుంటే తెరుచుకోని తలుపులు నీళ్ళకు తెరుచుకున్నాయి. ఆ నీళ్ళలో సన్నగా ఎరుపు కలిసి ఉంది.

ఆమె వాచిన కాలితోనే గోడ పట్టుకుని దిగింది. సెల్లారులో మోటారు దిమ్మె మీద అభిలాష్ కుడిచెయ్యి ఆనించి ఇద్దరు తొక్కిపట్టారు. ఓబుళేసు కొడవలి ఎత్తాడు. ఆ ఎత్తడంలో తొందర లేదు. అలవాటైన పని.

"ఓబుళా, వద్దురా" అంది హనుమక్క.

అతనికి వినబడలేదు. ఇంకో క్షణం ఉంటే ఆ చెయ్యి తెగేది. చెయ్యితో పాటు ఇల్లు పోయేది, తమ్ముడు జైల్లోనే ముసలివాడయ్యేవాడు. ఇంత ఆలోచన ఆమె చెయ్యలేదు. ఆమె చెయ్యి చేసింది. తుమ్మచెక్క పీట అంచు ఓబుళేసు మణికట్టు మీద పడింది. కొడవలి ఎగిరి గోడకు తగిలింది. ముంజేతి ఎముక చర్మం చీల్చుకుని తెల్లగా బయటికొచ్చింది. ఆమె మళ్ళీ కొట్టింది, ఈసారి భుజం మీద. వాడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఆ రెండో దెబ్బ ఎందుకు కొట్టిందో ఆమెకు ఈనాటికీ తెలియదు.

"అక్కా, నేను" అన్నాడు ఓబుళేసు. తనను గుర్తుపట్టక ఇంకెవరో అనుకుని కొట్టిందని వాడి అనుమానం.

ఆమె పీట కింద పడేసింది. వాడి పక్కన నీళ్ళలో కూర్చుండిపోయింది.

"నీళ్ళు బంద్ చేసినారని నువ్వే కదక్కా చెప్తివి" అన్నాడు వాడు మెల్లగా, ఆమెకు మాత్రమే వినబడేట్టు. నిష్ఠూరంగా అనలేదు. లెక్క ఎక్కడ తప్పిందో తెలియనివాడు అడిగినట్టు అడిగాడు.

పోలీసులొచ్చారు. ఎస్సై ఆ నెత్తుటి నీళ్ళలో బూట్లతో నిలబడి హనుమక్కను అడిగాడు, "వీళ్ళను నువ్వే పిలిపించినావా?" పక్కన నాజ్‌నీన్ మొహం పాలిపోయింది. హనుమక్క నోరు తెరిచింది. అవునని చెప్పబోయింది. ఆ మాటకు మా ఊర్లో అర్థం నాకు తెలుసు సార్ అని కూడా చెప్పబోయింది.

"మా యక్క నాకేం చెప్పలేదు సార్" అన్నాడు ఓబుళేసు, విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని. "ఊర్లో ఎవురో అనుకుంటాంటే విని నేనే వచ్చినా. ఆయమ్మ అడ్డం రాకుంటే ఈ నా కొడుకు చెయ్యి ఈపాటికి కాలవలో ఉండేది. ఆయమ్మను అడగొద్దు."

హనుమక్క తెరిచిన నోరు మూసుకుంది. ఇంటి కోసం మూసుకుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఓబుళేసుకూ తెలుసు. వాడు చిన్నగా తల ఊపాడు, అంతే చెయ్యమన్నట్టు.

పదకొండు గంటలకు, చెప్పిన టైముకే, కోర్టు మనిషి వచ్చాడు. 303కు వెంటనే నీళ్ళు వదలాలనీ, ఆమెను బలవంతంగా ఖాళీ చేయించరాదనీ గట్టిగా చదివాడు. వింటున్నవాళ్ళ చేతుల్లో ట్యాంకరు కోసం తెచ్చిన ఖాళీ బకెట్లున్నాయి. ఆ వేళకు గంగాఝరిలో ఏ కొళాయిలోనూ బొట్టు లేదు. చేతులు కాలాక ఆకులు వచ్చాయి. ఆకులు మంచివే, రెండు గంటలు ఆలస్యం.

కొత్త ట్యాంకులు పెట్టారు. 303 వాల్వుకు చక్రం మళ్ళీ బిగించారు. బిగించింది తిప్పయ్యే. అభిలాష్ ఆసుపత్రి మంచం మీద నుంచి ఇచ్చిన ఫిర్యాదులో హనుమక్క పేరు రాయించలేదు. కృతజ్ఞతో, ఆ పీటంటే భయమో అతన్నే అడగాలి. లిఫ్టులో బోర్డు తీసేశారు. ఎవరూ ఆమెను పొమ్మనలేదు, ఎవరూ ఆమెతో మాట్లాడనూ లేదు. ఆమె మెట్లెక్కుతుంటే పిల్లలను లోపలికి లాక్కునేవాళ్ళు. ఇల్లు మిగిలింది. ఇల్లే మిగిలింది.

మొదటి రోజు కొళాయి తిప్పితే నీళ్ళు ధారగా వచ్చాయి. హనుమక్క చాలాసేపు వాటిని చూస్తూ నిలబడింది. తర్వాత ఏడుపొచ్చింది. మొగుడు పోయిననాడు కూడా అంత గట్టిగా ఏడవలేదు. ఏడుపయ్యాక కొళాయి కట్టేసి, పొయ్యి ముట్టించి, పీట వేసుకుంది. పీట అంచున ఒకచోట చెక్క లేచిపోయి ఉంది.

పెద్దాసుపత్రిలో ఓబుళేసు మంచం పక్కన కానిస్టేబులు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఎడమచేతికి బేడీ వేసి మంచం కడ్డీకి తగిలించారు. కుడిచెయ్యి మోచేతిదాకా కట్టులో ఉంది. ఆ వేళ్ళు ఇక ముడుచుకోవని డాక్టరు చెప్పాడు. హనుమక్క మూట విప్పి, రొట్టె తుంచి, ఊరిబిండి పచ్చడి అద్ది వాడి నోట్లో పెట్టింది. పసిబిడ్డగా ఉన్నప్పుడు పెట్టినట్టే, వాడి చెయ్యి విరగ్గొట్టిన తన చేత్తోనే పెట్టింది.

వాడు నమిలి మింగాడు. "నీళ్ళు ఇడిసినారా అక్కా?" అన్నాడు.

"ఇడిసినార్రా."

"బాగా వస్తాండాయా?"

"ధారగా వస్తాండాయి."

వాడి మొహం విప్పారింది. చెయ్యి పోయినా, మళ్ళీ జైలు తప్పకపోయినా, వెళ్ళిన పని అయినవాడి మొహం అది.

"నేను రాకపోయింటే ఇడిసేటోళ్ళా?" అని అడిగాడు.

కోర్టు కాగితం ఆమె జాకెట్లోనే మడతపెట్టి ఉంది. దాని మీద తేదీ ఉంది, ఆ తేదీ ఓబుళేసు బొలేరో ఎక్కడానికి ముందురోజుది. హనుమక్క ఇంకో ముక్క తుంచింది.

"నువ్వు రాకపోయింటే ఇడిసేటోళ్ళు కాదురా" అని, వాడి నోట్లో పెట్టింది.